దాలమ్మ చేతులు

పందొమ్మిది వందల పదకొండు, చలికాలం. అప్పటికి నేను టెక్కలిలో ఒక చిన్న ఆస్పత్రిలో కంపౌండరుగా కుదురుకున్నాను. కంపౌండరంటే డాక్టరుగారు చీటీ మీద రాసిన మందును తూచి, నూరి, కలిపి రోగి చేతికిచ్చే మనిషి. నేను వీధిబడి దాటి చదువుకోలేదు. మొదట ఎండుకొబ్బరి వర్తకుడి దగ్గర తూకం చూసేవాణ్ణి. తులాలు, వీశెలు, మణుగులు నాకు నోటికి వచ్చు. ఆస్పత్రిలో చేరాక ఇంగ్లీషు తూకాలు నేర్పేవాళ్ళెవరూ లేక నా అంతట నేనే కూర్చుని నేర్చుకున్నాను. ఇరవై గ్రైన్లు ఒక స్క్రూపులు, మూడు స్క్రూపులు ఒక డ్రాము, ఎనిమిది డ్రాములు ఒక ఔన్సు. మన తులానికి మూడు డ్రాములు. ఈ చివరి లెక్క దొరికాక మిగతావన్నీ దారికొచ్చాయి. లెక్క సరిగ్గా ఉంటే మందు సరిగ్గా ఉంటుందని, మందు సరిగ్గా ఉంటే మనిషి బాగుపడతాడని ఆ రోజుల్లో నా నమ్మకం.

చలి మొదలైతే మా వరండాలో చర్మం జబ్బులవాళ్ళే ఎక్కువ. జ్వరాలు వానలతో వస్తాయి. గజ్జి, పగుళ్ళు, దద్దుర్లు, పొక్కులు చలితో వస్తాయి. చలికి స్నానాలు తగ్గుతాయి. ఒక్క దుప్పటి కింద ఇంటిల్లిపాదీ ముడుచుకుంటారు. పొడిగాలికి చర్మం బిగుసుకుని చిట్లుతుంది. చిట్లిన చోట చేతికందింది రాస్తారు. అందుకని ఆ కాలంలో నా పనంతా ఆయింట్‌మెంట్లతోనే. అంటే పైపూత మందులు. ఇంగ్లీషు పద్ధతిలో వాటిని పందికొవ్వులో కలపాలి. అలా కలిపితే మా వైపు చాలామంది ముట్టుకోరు కాబట్టి, డాక్టరుగారి అనుమతితో కొబ్బరినూనెలో తేనెమైనం కరిగించి కలిపేవాణ్ణి. చలికాలం కొబ్బరినూనె తనే పేరుకుంటుంది, మైనం తగ్గించాలి. ఎండాకాలం పెంచాలి. ఏ నెలకు ఎంతో నేనే లెక్క కట్టుకున్నాను.

కార్తీకం వెళ్ళిపోయే రోజుల్లో ఒక ఉదయం దాలమ్మ వచ్చింది. పూండి దగ్గర, సముద్రం పక్క కొబ్బరి, జీడి తోటల ఉద్దానంలో ఒక పల్లె ఆవిడది. పూండిలో రైలెక్కి నౌపడలో దిగి, అక్కణ్ణుంచి టెక్కలి దాకా నడిచి వచ్చింది. వయసు నలభై దాటి ఉంటుంది. గట్టి మనిషి. చేతులు రెండూ చీర కొంగులో చుట్టి, పొట్టకు ఆనించి పట్టుకుంది. చీటీ తీసుకోవడానికి కొంగు విప్పేసరికి వరండా బల్ల మీద కూర్చున్న నలుగురూ ఒకేసారి లేచారు. అరచేతుల నిండా నల్లటి పెచ్చులు, వాటి మధ్య ఎర్రటి పగుళ్ళు, వేళ్ళ సందుల్లో నీరు కారే పొక్కులు. ముంజేతుల దాకా దద్దు.

ఆవిడ ఖాళీ అయిన బల్ల వంక చూసింది.

"సోటు సాలదేమో అనుకున్నాను. బల్లంతా నాకే ఇచ్చీసినారు, సల్లగా ఉండండి" అంది.

ఎవరూ నవ్వలేదు. స్తంభం పక్కన నిలబడ్డ ముసలాయన మాత్రం "పెద్దరోగం" అని గొణిగాడు. కుష్ఠుకు మా వైపు ఆ మాటే. ఆవిడకూ వినిపించింది. కొంగు మళ్ళీ చుట్టేసుకుంది.

డాక్టరుగారు నిదానమైన మనిషి. ఆవిడను కళ్ళు మూసుకోమని, సూదిమొనతో చేతి మీద అక్కడక్కడా తాకిస్తూ ఎక్కడ తగిలిందో చెప్పమన్నారు. కుష్ఠులో మచ్చ ఉన్న చోట స్పర్శ చచ్చిపోతుంది. ఈ పరీక్ష అందుకే.

"ఇక్కడ... ఇక్కడ... ఓలమ్మో, ఇక్కడ! సూదెందుకు బాబూ, సెయ్యంతా సూదులే గదా" అంది దాలమ్మ కళ్ళు మూసుకునే.

చెవి తమ్మెలు చూశారు, కనుబొమలు చూశారు, మోచేతి వెనక నరం నొక్కి చూశారు. "ఇది కుష్ఠు కాదమ్మా" అన్నారు.

అలాంటి మాట విన్నవాళ్ళు ఏడవడం, దండం పెట్టడం నేను చూశాను. దాలమ్మ అవేమీ చేయలేదు.

"నాకు తెలుసు బాబూ. నాకు తెలిస్తే ఏటి? ఆళ్ళకి తెలవాల గదా" అంది.

అప్పుడు చెప్పింది సంగతి. ఆవిడ పురుళ్ళు పోసే మనిషి. అత్తగారి దగ్గర నేర్చుకుంది. చుట్టుపక్కల పల్లెల్లో పడుచువాళ్ళలో సగం మంది ఆవిడ చేతుల్లోకి పుట్టినవాళ్ళే. మొగుడు పోయాడు, ఉన్నది ఒక్క కూతురు. పేరు పైడమ్మ. కోటబొమ్మాళి వైపు వరి పండించే ఇంట్లో ఇచ్చింది; అల్లుడు తండ్రి మాట దాటేవాడు కాడు. పైడమ్మకిప్పుడు తొలిచూలు. సీమంతానికి దాలమ్మ వెళ్ళి కూతురికి గాజులు తొడగబోతే, వియ్యంకుడు అప్పన్న ఆ చేతులు చూశాడు. గాజుల పళ్ళెం పక్కకు లాగేశాడు. నలుగురిలో ఒకే మాట చెప్పాడు. తొమ్మిదో నెల రాగానే పిల్లను తమ బండి మీదే తీసుకొస్తారు; దాలమ్మ చేతులు చూశాకే దింపుతారు; బాగుంటే సరి, బాగుండకపోతే బండి అక్కణ్ణుంచే వెనక్కి తిప్పుతారు.

"తొలి పురుడు తల్లి దగ్గర గదా బాబూ" అంది. "అది ఒకెత్తు. ఇంకోటి సెప్తాను, ఇను. దాని కడుపు సూసినాను. ముట్టుకోనివ్వనేదు గానీ, సూత్తే తెలిసిపోద్ది నాకు. నిలువుగా నేదు, వెడల్పుగా ఉన్నాది. లోపలోడు అడ్డంగా తొంగున్నాడు. తొమ్మిదో నెల్లో నా సేతికొత్తే కొబ్బరిసమురు రాసి నెమ్మదిగా తిప్పీగల్ను. ఎందరికో తిప్పినాను. నా గుంటకి, నా కడుపున పుట్టినదానికి తిప్పనేనేటి?"

డాక్టరుగారు ఆ మాట శ్రద్ధగా విన్నారు. అడ్డం తిరిగిన బిడ్డంటే తల్లికీ బిడ్డకూ ప్రాణగండమని ఆయనకు తెలుసు. "పిల్లను ఇక్కడికే తీసుకురారాదా?" అన్నారు.

"పురిటికి ఆసుపత్రికా? ఆళ్ళు పంపుతారేటి! నా ఇంటికే ఇన్ని ఆంక్షలెట్టినోళ్ళు" అంది.

మందు కలిపేముందు నేను మామూలుగా అడిగే ప్రశ్న ఒకటి ఉండేది. "ఇప్పటి దాకా ఏటి రాసినావు చేతులకి?"

"ఏటీ రాయనేదు బాబూ."

"ఏమీ రాయకపోతే ఈ నలుపేటి?"

"ఓ, అదా? జీడిసమురు. అది మందేటి? అందరం రాసుకునీదే గదా."

చదివేవాళ్ళలో ఉద్దానం తెలియనివాళ్ళుంటే వాళ్ళకోసం చెబుతాను. జీడిపిక్క తొక్కలో నల్లటి చిక్కటి రసం ఉంటుంది. పిక్కలు కాల్చేటప్పుడు అది చిమ్ముతుంది. పరాయి ఊరివాళ్ళ ఒంటి మీద పడితే కాలినట్టు పొక్కుతుంది. కానీ ఆ తోటల్లో పుట్టి పెరిగినవాళ్ళు చలికాలం మడమలు చీలితే ఆ రసాన్నే వెచ్చచేసి చీలికల్లో పోస్తారు. భగ్గున మండుతుంది, నల్లటి పెచ్చు కడుతుంది, చీలిక మూసుకుంటుంది. దాలమ్మ మడమలతో ఆగకుండా అరచేతులకూ అదే రాసేది. మూడు నాలుగు చలికాలాలుగా రాసిన కొద్దీ చేతులు పాడవుతున్నాయి, పాడైన కొద్దీ రాస్తోంది.

"మండుతోందా?" అన్నాను.

"మండకపోతే మందేటి బాబూ!"

"ఆ జీడే నీ చేతుల్ని తినేస్తోంది" అన్నాను.

ఆవిడ మొదటిసారి నవ్వింది. "మమ్మల్నా? జీడి మా ఇంటి మనిసి బాబూ. పరాయోళ్ళకి పొక్కుతాది గానీ మమ్మల్నేటి సేత్తాది?"

నేనూ ఒక్క క్షణం సందేహించాను. పుట్టినప్పటి నుంచీ ముట్టుకున్నది నలభై ఏళ్ళ తరవాత పగబడుతుందా? డాక్టరుగారు చెప్పారు, అలా జరుగుతుందని. శరీరం ఏళ్ళ తరబడి ఓర్చుకున్న వస్తువును ఒక రోజున ఇక చాలనుకుంటుంది, ఆ తరవాత చుక్క తగిలినా తట్టుకోదు. అందుకని జీడిచమురు మానాలి, పిక్కలు కాల్చకూడదు, కొట్టకూడదు, తొక్కలు చేత్తో ముట్టకూడదు.

నాకు లెక్కల పిచ్చి కాబట్టి డాక్టరుగారిని ఒకటి అడిగాను. కుడిచేతికి జింక్ ఆయింట్‌మెంట్, ఎడమచేతికి ఉత్త కొబ్బరినూనె ఇచ్చి చూద్దామని. జింక్ అంటే యశదం పొడి, పుండును ఆరబెడుతుంది. మందు ఎంత పని చేస్తోందో, జీడి మానడం ఎంత పని చేస్తోందో విడివిడిగా తెలియాలని నా ఉద్దేశం. ఆయన ఒప్పుకున్నారు. దాలమ్మకు మాత్రం ఇది నచ్చలేదు.

"అదేటి బాబూ, ఎడం సెయ్యి సవితి బిడ్డా?"

"రెండూ తగ్గకపోతే రెండింటికీ మందిస్తాను."

"సూద్దాం, ఏది గెలుత్తాదో" అంది.

ప్రతి సంత రోజునా వచ్చేది. వచ్చేటప్పుడు రెండు కొబ్బరికాయలు తెచ్చి నా బల్ల మీద పెట్టేది, వద్దన్నా వినేది కాదు. మొదటి వారం నల్లటి పెచ్చులు ఊడాయి. రెండో వారం నీరు కారడం ఆగింది. ముంజేతుల మీది దద్దు దిగిపోయింది. మిగిలినవి పగుళ్ళు. నేను చేతులు వెలుగులో పెట్టించి ఒక్కొక్క వేలూ చూసేవాణ్ణి. విచిత్రమేమంటే, రెండు చేతులూ ఒకేలా తగ్గుతున్నాయి. మందు పూసిన చెయ్యి మందు లేని చేతి కంటే ముందు లేదు. తగ్గిస్తున్నది నా ఆయింట్‌మెంట్ కాదు, జీడి మానడం. ఆ మాట చెబితే దాలమ్మ ఎడమచేతిని కుడిచేత్తో తట్టి, "సూసినావా, తల్లి నేకపోయినా బతికీసినాది" అంది.

ఇంకో సంగతి కూడా నేను గమనిస్తూ ఉన్నాను. మొదటి రోజు లేచిపోయిన జనం రెండో వారం బల్ల ఆ చివర కూర్చున్నారు. నాలుగో వారం ఒక పిల్లతల్లి ఆవిడ పక్కనే కూర్చుని, దగ్గే బిడ్డను ఆవిడ ఒళ్ళో పెట్టి చీటీ కోసం లేచి వెళ్ళింది. దాలమ్మ ఆ బిడ్డ వీపు నిమురుతూ నా వంక చూసింది. ఆ చూపు నాకిప్పటికీ గుర్తుంది.

ఆ రోజు వెళ్ళేటప్పుడు చెప్పింది, "వచ్చీ బేస్తవారం తీసుకొత్తారట బాబూ. పురిటిగది సిద్ధం సేసుకోవాల." నేను మళ్ళీ హెచ్చరించాను, జీడి ముట్టవద్దని. "ముట్టను బాబూ. నా గుంట మీద ఒట్టు" అంది.

ఒట్టు తప్పలేదు. అదే ఈ కథలో దారుణం.

బేస్తవారం దాటి రెండు రోజులకు ఎవరో ఒక మనిషిని చెయ్యిపట్టుకుని వరండాలోకి తీసుకొచ్చారు. ముఖం ఉబ్బిపోయి ఉంది. కళ్ళు గీతల్లా మూసుకుపోయాయి. పెదవులు, చెవులు, నుదురు దళసరిగా ఎర్రబడి, బుగ్గల మీద చిన్న పొక్కులు చిట్లి నీరు కారుతున్నాయి. నేను పేరు అడిగాను.

"నానే బాబూ. దాలమ్మని."

నాకు వెంటనే తోచింది ఒక్కటే. "చేతులు చూపించు" అన్నాను. చాపింది. పాత పగుళ్ళు మాని, చేతులు శుభ్రంగా ఉన్నాయి. కొత్త చర్మం లేతగా, గులాబిరంగులో ఉంది. ముఖం మీదికి మాత్రం ఎక్కడి నుంచి వచ్చిందో నాకు అర్థం కాలేదు.

డాక్టరుగారు ఒక్కొక్కటే అడిగారు. జీడిచమురు రాశావా? లేదు. పిక్కలు కాల్చావా? లేదు. తొక్కలు ముట్టావా? "నేదు బాబూ. కర్రతోటే తోసినాను. సేతులకి గుడ్డ కూడా కట్టుకున్నాను."

"కర్రతో దేన్ని తోశావు?"

అప్పుడు బయటపడింది. వాళ్ళ పల్లెలో చలికాలం పురుడైతే, గదిని ముందుగా వెచ్చబెడతారు. ఇనప మూకుడులో జీడితొక్కలు వేసి అంటిస్తారు. ఆ తొక్కల్లో చమురు ఉంటుంది కాబట్టి బొగ్గుల కంటే ఎక్కువసేపు మండుతాయి. నేల ఆరుతుంది, పైకప్పు తాటాకుల్లోని పురుగు చస్తుంది, బాలింతకు చలి తగలదు. ఊళ్ళో ఎవరింట్లో పురుడైనా ఆ పని చేయించేది దాలమ్మే. ఇప్పుడు సొంత కూతురి కోసం ఇంకా శ్రద్ధగా చేసింది. గాలి పోకుండా తలుపు వేసుకుని, మూకుడు పక్కన కూర్చుని, మూడు రోజులు వరసగా పొగబెట్టింది. తొక్కలు ముట్టవద్దన్నారు కాబట్టి ముట్టలేదు.

డాక్టరుగారు కుర్చీలో వెనక్కి వాలారు. "పొగలో కూడా అదే రసం ఉంటుంది" అన్నారు నాతో, మెల్లగా.

బేస్తవారం మధ్యాహ్నం అప్పన్న బండి ఇంటి ముందు ఆగింది. దాలమ్మ చేతులు చూపించాలని రెండు అరచేతులూ ముందుకు చాపుకుని పరుగెత్తింది. చేతుల వంక ఎవరూ చూడలేదు. అప్పటికే ఉబ్బిన ముఖం వంక చూశారు.

"గుంట దిగబోనాది బాబూ" అంది. "ఆ అప్పన్న దాని రెక్కట్టుకుని ఆపీసినాడు. బండి తిప్పీసినాడు. నాకు కళ్ళు కనబడనేదు, దాని గొంతు ఇనిపించినాది. అమ్మా అమ్మా అనుకుంటూ ఎల్లిపోనాది."

డాక్టరుగారు మంట చల్లార్చే సీసం మందు నీళ్ళలో తడిపిన గుడ్డలు వేయించి, వరండా చివర గదిలో పడుకోబెట్టారు. జీడికి దూరంగా ఉంటే పది పన్నెండు రోజుల్లో ముఖం మామూలవుతుందన్నారు. ఆవిడ వినలేదు. నా పంచె అంచు పట్టుకుంది.

"నువ్వెల్లి సెప్పు బాబూ. నువ్వు లెక్కట్టి సూసినావు గదా. ఇది ఆ రోగం కాదని సెప్పు. నన్ను ముట్టుకోనివ్వకపోయినా సరే, గుంటనిక్కడికి తీసుకురమ్మని సెప్పు. అడ్డంగా ఉన్నాడు బాబూ, లోపలోడు అడ్డంగా ఉన్నాడు."

డాక్టరుగారు వెళ్ళమన్నారు. మర్నాడు కోటబొమ్మాళి వైపు బండి పట్టుకుని వెళ్ళాను. అప్పన్న ఇంటి పక్క కళ్ళంలో ఉన్నాడు. నూర్చిన వడ్లు గాలికి పోస్తున్నాడు. నన్ను చూసి చేట కింద పెట్టి, గడ్డి పరిచి కూర్చోమన్నాడు. మంచినీళ్ళు తెప్పించాడు. కఠినుడు కాడు. కఠినుడైతే నాకు ఇంత బాధ ఉండేది కాదు.

నేను నాకు తెలిసిన పద్ధతిలోనే చెప్పాను. సూది పరీక్ష, రెండు చేతులు, రెండు మందులు, వారం వారం తగ్గుదల, చివరకు పొగ. వరసలో ఒక్క మెట్టు తప్పలేదు. ఆయన ఊకొడుతూ విన్నాడు.

"జీడిపొగంటావు."

"అవును."

"ఉద్దానమంతా జీడితొక్కలు కాలుత్తారు. ఊరందరి మొకాలూ అలగే ఉబ్బినాయేటి?"

"ఒకరి ఒంటికి పడుతుంది, ఒకరికి పడదు."

"అదే నానూ అంతన్నాను బాబూ. ఒకరికి అంటుకుంటాది, ఒకరికి అంటుకోదు." చేతిలోని గడ్డిపరక తుంచాడు. "మా అన్నకొచ్చినాది ఆ రోగం. మొదట ఇలగే మొకం ఉబ్బినాది. అప్పుడూ అందరం ఇంకేదో అనుకున్నాం. పొలం సివర గుడిసేసినాం. నానే కూడు తీసుకెల్లి రాయి మీద పెట్టి దూరం జరిగీవోణ్ణి. ఆడు నన్ను పిలిసీవోడు, ఓరి ఒకసారి దగ్గరకు రారా అని. నాను ఎల్లనేదు. నాను ఎల్లకుండానే ఆడు పోనాడు."

"సేతులూ మొకం అలగున్న మనిసికి పచ్చిబిడ్డని ఇవ్వమంటావు. సరే. నీకు పిల్లలున్నారా కంపౌండరు బాబూ?"

"లేరు" అన్నాను.

ఆయన తలాడించాడు. ఎగతాళి లేదు ఆ ముఖంలో. "కోపం రానీకు" అన్నాడు.

పిల్లను టెక్కలి ఆస్పత్రికైనా తీసుకురమ్మని, బిడ్డ అడ్డంగా ఉన్నాడని బతిమాలాను. "అదీ ఆవిడ సెప్పిందే గదా? మా ఊళ్ళో మంత్రసాని సూసినాది. బాగానే ఉన్నాదంది" అన్నాడు. ఒక్క మాట మాత్రం ఇచ్చాడు. నొప్పులు ముదిరితే డాక్టరుగారికి కబురు పెడతానన్నాడు.

లేచి వస్తుంటే ఇంటి గుమ్మంలో పైడమ్మ నిలబడి ఉంది. పదహారు పదిహేడేళ్ళ పిల్ల. దాలమ్మ చెప్పినట్టే కడుపు వెడల్పుగా ఉంది. మామగారి వంక ఒకసారి చూసి, తల దించుకుని అడిగింది.

"అమ్మ మొకం తగ్గిందా బాబూ?"

"తగ్గుతోంది" అన్నాను.

రెండు వారాలకు కబురు పెట్టారు. మాట తప్పలేదు అప్పన్న. కానీ ముందు రోజంతా ఊళ్ళోవాళ్ళతోనే ప్రయత్నం చేయించాడు. మేము చేరేసరికి బిడ్డ చెయ్యి ఒకటి బయటికి వచ్చి నీలంగా ఉంది. లోపల బిడ్డ ఎప్పుడో పోయింది. డాక్టరుగారు చేయగలిగినదంతా చేశారు. నేను క్లోరోఫారం పట్టుకున్నాను. స్పృహ తప్పించే మందు అది, చుక్కలు లెక్కపెట్టి వేయాలి. నా లెక్క తప్పలేదు. పొద్దు వాలేవేళకు పైడమ్మ కూడా పోయింది.

బయట చేతులు కడుక్కుంటున్న డాక్టరుగారి దగ్గరకు అప్పన్న వచ్చాడు.

"నిజంగా జీడేనా బాబూ అది? ఆ యమ్మ మొకానికి?"

డాక్టరుగారు అవునన్నారు. అప్పన్న అలాగే నేల మీద కూర్చున్నాడు. పోసిన వడ్ల రాశి పక్కనే ఉంది. దాని మీద చెయ్యి వేసి అలా ఉండిపోయాడు.

టెక్కలిలో దాలమ్మకు చెప్పవలసింది నేను. మేము చేరేసరికి వరండా మెట్ల మీద కూర్చుని ఉంది. ముఖం పూర్తిగా తగ్గింది. కళ్ళు తెరుచుకున్నాయి. చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని ఉంది. పుండు లేదు, పగులు లేదు, మచ్చ కూడా లేదు. ఏ బండి ముందైనా చాపి చూపించుకోగలిగిన చేతులు. మా నడక చూడగానే ఆవిడకు తెలిసిపోయిందనుకుంటాను.

"అడ్డంగానే ఉన్నాడా?" అని అడిగింది.

అవునన్నాను. ఆవిడ కొంగు తీసి చేతులు రెండూ చుట్టేసుకుంది.

వృత్తిలో ఉన్నవాళ్ళు ఒక కేసు చెప్పి, దాని వల్ల నేర్చుకున్నదేమిటో చెప్పడం మామూలు. నేర్చుకున్నది ఉంది. రోగి మనం అడిగినదానికే జవాబు చెబుతాడు. చేతికి ఏం రాశావంటే చేతికి రాసిందే చెబుతాడు. ముట్టవద్దంటే ముట్టడం మానేస్తాడు; పీల్చే గాలి సంగతి వాడికి తోచదు. ఆ చలికాలం తరవాత నేను చర్మం పొక్కి వచ్చిన ప్రతివాణ్ణీ అడుగుతూ వచ్చాను. మీ పొయ్యిలో ఏం కాలుస్తారు, చలిమంటలో ఏం వేస్తారు, మీ పక్కింటివాళ్ళు ఏం వేస్తారు. దాంతో కొందరికి మేలు జరిగింది. పలాస వైపు నుంచి వచ్చిన ఒక కుర్ర రైతును పెద్దరోగమని ఇంట్లోంచి వెళ్ళగొట్టబోయి ఆగారు వాళ్ళవాళ్ళు. అది మంచిదే. కానీ ఆ మంచిని ఒక పళ్ళెంలో, పైడమ్మను ఇంకో పళ్ళెంలో పెట్టి తూచడానికి నా దగ్గర త్రాసు లేదు. చాలాసార్లు ప్రయత్నించాను. ముల్లు నిలబడదు.

ఇంకొకటి కూడా తెలిసింది, అది ఎవరికీ ఉపయోగపడేది కాదు. జబ్బు తగ్గడానికి దాని కాలం దానికి ఉంటుంది. భయం తగ్గడానికి వేరే కాలం. నేను మొదటిదాన్నే లెక్క కట్టగలిగాను.

దాలమ్మ ఇప్పటికీ చలి మొదలవగానే ఒకసారి వస్తుంది. జబ్బేమీ లేదు. ఇంట్లో జీడి లేదు, పొయ్యిలో కొబ్బరిమట్టలే. అయినా వస్తుంది. రెండు కొబ్బరికాయలు నా బల్ల మీద పెట్టి, వరండా బల్ల చివర కూర్చుంటుంది. ఊళ్ళోవాళ్ళు పురుళ్ళకు పిలుస్తూనే ఉన్నారని, ఆవిడే వెళ్ళడం లేదని పూండి నుంచి వచ్చేవాళ్ళు చెప్పారు. మొన్న వచ్చినప్పుడు ఏదో ఒకటి మాట్లాడాలని, అలవాటు కొద్దీ అడిగాను.

"చేతులెలా ఉన్నాయి దాలమ్మా?"

రెండు అరచేతులూ వెలుగులోకి చాపింది, ఆ రోజుల్లో నేను చూపించమన్నట్టే, వేళ్ళు విడదీసి.

"సూడు బాబూ, ఎంత బాగున్నాయో" అంది. "ఏటి సేసుకోను ఈటిని?"